అద్దంలో నక్షత్రం

మా మేనత్తకి ఎనభై రెండేళ్ళు. తెనాలిలో ఉంటుంది. పోయిన ధనుర్మాసంలో చూసివద్దామని వెళ్ళాను. వసారాలో కుర్చీ వేసుకుని కూచుంది. నన్ను ఎగాదిగా చూసి, "ఎవరబ్బాయివి నాయనా?" అంది. పేరు చెప్పాను. "అయ్యో, మా తమ్ముడి కొడుకువా! ఎప్పుడొచ్చావు? భోంచేశావా?" అంటూ చెయ్యి పట్టుకుని పక్కన కూచోబెట్టుకుంది. అయిదు నిమిషాలు గడిచాయో లేదో మళ్ళీ నా మొహం వంక చూసి, "ఎవరబ్బాయివి నాయనా?" అంది. ఆ సాయంత్రం ఎన్నిసార్లు నా పేరు చెప్పుకున్నానో లెక్కలేదు.

మర్నాడు తెల్లవారుజామున చీపురు చప్పుడుకి మెలకువ వచ్చింది. వీధి వాకిట్లో అత్తయ్య వంగుని ముగ్గు పెడుతున్నది. 15 చుక్కలు, 8 వచ్చేదాకా. మెలికల ముగ్గు. ఎక్కడ మొదలయిందో ఎక్కడ ముగిసిందో నా కంటికి అందలేదు గాని, ఆవిడ చెయ్యి మాత్రం ఒక్క చుక్కయినా తప్పకుండా అలా పాకిపోతున్నది. కాఫీ తాగాక ఆ మాటే అన్నాను. "ఎంత బాగా వేశావత్తయ్యా!" అంటే, ఆవిడ గుమ్మంలోకి వచ్చి తొంగిచూసి, "ఎవరో గాని మంచి చెయ్యే" అంది!

నవ్వాను గాని, మనసులో ఏదో కలుక్కుమంది. నా పేరు నిలవని తలలో ఆ మెలికలన్నీ ఎక్కడ దాగివున్నవి? మతి పోయిందనుకునే మనిషికి ముగ్గు ఎలా వచ్చింది?

ఈ ప్రశ్న పట్టుకుని పుస్తకాలు తిరగేస్తూవుంటే ఒక శాస్త్రజ్ఞురాలి కథ దొరికింది. ఆవిడ పేరు బ్రెండా మిల్నర్. జ్ఞాపకం అంటే ఏమిటో మెదడు శాస్త్రానికి కొత్తగా నేర్పిన మనిషి. ఆవిడ పనిముట్లు చూద్దామా అంటే పెద్ద యంత్రాలేవీ లేవు. కాగితం, పెన్సిలు, ఒక అద్దం, కొండంత ఓపిక. అంతే.

లెక్కల పిల్ల

బ్రెండా 1918 జూలై 15న ఇంగ్లండులో మాంచెస్టరులో పుట్టింది. తండ్రి శామ్యూల్ లాంగ్‌ఫోర్డ్ 'మాంచెస్టర్ గార్డియన్' పత్రికకు సంగీత విమర్శకుడు. తల్లి ఆయన దగ్గర పాట నేర్చుకున్న శిష్యురాలు. ఇంత సంగీతం ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లకి సంగీతం అబ్బలేదు! చిన్నతనంలో తండ్రే ఇంటి దగ్గర పాఠాలు చెప్పాడు. ఆమెకి ఎనిమిదేళ్ళప్పుడు, 1927లో, ఆయన పోయాడు.

1936లో లెక్కలకు స్కాలర్‌షిప్పు సంపాదించి కేంబ్రిడ్జిలో న్యూన్‌హాం కాలేజీలో చేరింది. తీరా చేరాక, లెక్కల్లో తాను గొప్పదాన్ని కాలేనని తోచి, మనస్తత్వశాస్త్రానికి మళ్ళింది. 1939లో పట్టా చేతికి వచ్చేసరికి యుద్ధం. విమానాలు నడపడానికి వచ్చిన కుర్రాళ్ళలో ఎవరిని యుద్ధవిమానాలకు పంపాలి, ఎవరిని బాంబర్లకు పంపాలి అని తేల్చే పరీక్షలు తయారుచేసే పని ఆమె మీద పడింది. మనిషిని ఎదట కూచోబెట్టుకుని, చిన్న పరీక్షతో అతని మనసు పనిచేసే తీరు తెలుసుకోవడం ఆమెకు అక్కడ అలవాటయింది.

ఆ యుద్ధం పనిలోనే పీటర్ మిల్నర్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు పరిచయమయ్యాడు. 1944లో పెళ్ళి చేసుకున్నారు. అణుశక్తి పరిశోధన కోసం ఆయన్ని కెనడా పంపితే ఆమె కూడా వెళ్ళింది. మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం బోధించే ఉద్యోగం దొరికింది. పాఠం చెప్పవలసింది ఫ్రెంచిలో! చెప్పింది. తరువాత పీటరు కూడా ఇంజనీరింగు విడిచి మనస్తత్వశాస్త్రంలోకే వచ్చి, 1954లో జేమ్స్ ఓల్డ్స్‌తో కలిసి, ఎలుక మెదడులో సుఖం కలిగించే తావులను కనిపెట్టాడు.

కణత వెనక రహస్యం

మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే గొప్ప శస్త్రవైద్యుడు ఉండేవాడు. 1934లో అక్కడి న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించినవాడు. మందులకు లొంగని మూర్ఛ రోగులకు, మూర్ఛ పుట్టే మెదడు భాగాన్ని కోసి తీసేవాడు. రోగి మెలకువగానే ఉండేవాడు. మెదడుకి నొప్పి తెలియదు గనక పైచర్మానికి మాత్రం మత్తు ఇచ్చి, రోగితో మాట్లాడుతూనే ఆపరేషన్ చేసేవాడు.

1950లో ఈ రోగులను పరీక్షించే అవకాశం బ్రెండాకు వచ్చింది. ఆమె గురువు మక్‌గిల్ విశ్వవిద్యాలయంలోని డొనాల్డ్ హెబ్. ఆపరేషన్‌కు ముందు రోగికి ఒక కథ చెప్పి తిరిగి చెప్పమనడం, కొన్ని ముఖాలు చూపించి తరువాత గుర్తుపట్టమనడం, ఆపరేషన్ అయ్యాక మళ్ళీ అవే రకం పరీక్షలు పెట్టి తేడా చూడడం – ఇదీ పని. 1952లో డాక్టరేటు వచ్చింది. మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో స్థిరమయిన ఉద్యోగం ఉంది. దాన్ని వదులుకుని పెన్‌ఫీల్డ్ ఆస్పత్రిలోనే ఉండిపోయింది.

అక్కడ ఆమెకు ఒక సంగతి తేటపడింది. కణతల వెనక, ఇటొకటి అటొకటి, మెదడు భాగాలున్నవి. ఎడమ భాగం తీసినవారికి మాటలు, కథలు గుర్తుండడం కష్టమయ్యేది. కుడి భాగం తీసినవారికి ముఖాలు, బొమ్మలు గుర్తుండేవి కావు. కుడి భాగం పోయినవారికి స్వరాల వరస పోల్చుకోవడం కూడా కష్టమని 1962లో ఆవిడే చూపించింది. సంగీతం అబ్బని ఆ సంగీత విమర్శకుడి కూతురే!

ఇలావుండగా ఇద్దరు రోగుల విషయంలో అనుకోనిది జరిగింది. ఎడమ కణత భాగం మాత్రమే తీశారు. కాని లేచిన తరువాత వాళ్ళకి మాటలే కాదు, అసలు ఏదీ గుర్తుండడం లేదు. వారిలో ఒకాయన ఇంజనీరు. బుద్ధికి లోటు లేదు, మాట తడబడదు. పొద్దున జరిగింది మధ్యాహ్నానికి లేదు. పెన్‌ఫీల్డ్ హడలిపోయాడు. ఈ ఇద్దరికీ అవతలి పక్క భాగం, పుట్టుకతోనో మరెప్పుడో, ముందే చెడిపోయి ఉండాలి. మిగిలిన ఒక్కటీ తీసేసరికి రెండూ పోయినట్లయింది అని ఆయనా బ్రెండా ఊహించారు. ఊహ నిజమే. ఆ ఇంజనీరు పోయాక మెదడు పరీక్షించి చూస్తే కుడిపక్క భాగం ఎండి ముడుచుకుపోయి ఉంది. ఈ సంగతి 1974లో ప్రచురించారు.

1955లో చికాగోలో జరిగిన వైద్యుల సభలో ఈ ఇద్దరి సంగతి చెప్పారు. అది తెలిసి అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నుంచి విలియం స్కోవిల్ అనే శస్త్రవైద్యుడు పెన్‌ఫీల్డ్‌కు కబురు చేశాడు. అలాంటి రోగి తన దగ్గరా ఉన్నాడనీ, తాను రెండు పక్కలా తీశాననీ దాని సారాంశం.

రాత్రి రైలు

ఆ రోగి పేరు హెన్రీ మొలైసన్. బతికివున్నంత కాలం శాస్త్రలోకం అతన్ని హెచ్.ఎం. అనే రెండక్షరాలతోనే ఎరుగును. 1926లో పుట్టాడు. పదో ఏట చిన్న మూర్ఛలు మొదలయినవి. యుక్తవయస్సుకి పెద్ద మూర్ఛలు పట్టుకున్నవి. ఏ పనీ చేసుకోలేని స్థితి వచ్చింది. 1953లో, 27 ఏళ్ళ వయసులో, స్కోవిల్ అతని రెండు కణతల వెనకనుంచీ లోపలి భాగాలను తీసేశాడు. అందులో హిప్పోకాంపస్ అనే భాగం ఉంది. గుర్రం తలతో ఉండే ఒక చిన్న సముద్రపు చేపను పోలివుంటుందని గ్రీకులో ఆ పేరు పెట్టారు. దాని పని ఏమిటో అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు. జ్ఞాపకం మెదడంతా పరచుకుని ఉంటుందే గాని ఒక చోట ఉండదని కార్ల్ లాష్లీ వంటి పెద్దలు ఎలుకల మీద ప్రయోగాలు చేసి చెప్పివున్నారు.

మూర్ఛలు బాగా తగ్గినవి. కాని హెన్రీ ఆ రోజునుంచి కొత్త సంగతి ఒక్కటి కూడా గుర్తుంచుకోలేకపోయాడు.

పరీక్షల సరంజామా పట్టుకుని బ్రెండా మాంట్రియల్‌లో రాత్రి రైలు ఎక్కి హార్ట్‌ఫర్డ్ వెళ్ళేది. 1955 ఏప్రిల్‌లో మొదటిసారి చూసింది. సౌమ్యుడు, మర్యాదస్థుడు. ఈరోజు తేదీ ఏమిటంటే 1953 మార్చి అన్నాడు. వయస్సు 27 అన్నాడు. గదిలోకి రాబోయే ముందు మరొక డాక్టరుతో మాట్లాడి వచ్చాడు. ఆ సంగతి అడిగితే తనతో ఎవరూ మాట్లాడలేదన్నాడు. తెలివితేటల పరీక్షలో 112 వచ్చింది. సగటు మనిషికి 100 అని లెక్క. జ్ఞాపకశక్తి పరీక్షలో 67.

అతని తల్లి చెప్పిన సంగతులు వింటే కడుపు తరుక్కుపోతుంది. ఇల్లు మారారు. హెన్రీకి పాత ఇంటి చిరునామాయే గుర్తు. నిన్న తోటలో గడ్డి కోసిన యంత్రం ఎక్కడుందో ఇవాళ తల్లి చూపించాలి. ఒకే బొమ్మ ముక్కలను రోజూ పేర్చేవాడు, రోజూ కొత్తదనుకునేవాడు. ఒకే పత్రిక మళ్ళీ మళ్ళీ చదివేవాడు. చదివినట్లే ఉండేది కాదు. ఇటువంటి పాఠకుడు దొరికితే సీరియల్ రచయితలకు పండగే అని మొదట నాకు నవ్వొచ్చింది. అతను ఒక్క కథ అయినా 'తరువాయి' దాకా వెళ్ళలేడని తోచాక ఆ నవ్వు నిలవలేదు.

అయితే అంతా పోలేదని బ్రెండా గమనించింది. చిన్ననాటి సంగతులు చెప్పేవాడు. ఒకసారి 584 అనే అంకె గుర్తుంచుకోమని చెప్పింది. కాలుగంట అయ్యాక కూడా సరిగ్గా చెప్పాడు. ఎలాగయ్యా అంటే, మూడూ కూడితే 17, అందులో 8 తీస్తే 9, దాన్ని రెండుగా చేస్తే 5, 4 అని ఆ కాలుగంటా లోపల నెమరువేస్తూనే ఉన్నాడట! ధ్యాస మరొకదానికి మళ్ళిన మరుక్షణం అంకె పోయింది, తనను అంకె గుర్తుంచుకోమన్నారనే సంగతీ పోయింది.

మన వాడుకలో చెప్పాలంటే ఇలా చెప్పవచ్చు. గాదెలో పాత ధాన్యం ఉంది. కళ్ళంలో కొత్త గింజలు పడుతూనే ఉన్నవి. కళ్ళంలోంచి గాదెలోకి చేరవేసే మనిషే లేడు. హిప్పోకాంపస్ ఆ మనిషి.

స్కోవిల్ ఆపరేషన్ చేసిన మరి కొందరిని కూడా బ్రెండా పరీక్షించింది. హిప్పోకాంపస్ ఎక్కువ తీసినవారికి మరపు ఎక్కువ. దాని జోలికి పోకుండా ముందు భాగం మాత్రం తీసినామెకు మరపు లేదు. 1957లో ఇద్దరూ కలిసి ఈ సంగతులన్నీ ప్రచురించారు. రెండు పక్కలా తీయడం ఎంత ప్రమాదమో లోకానికి తెలిసింది. తన చేతిమీదుగా జరిగిన దాన్ని దాచకుండా, ఈ ఆపరేషన్ ఇంకెవరూ చేయవద్దని స్కోవిల్ తానే చెప్పాడు.

ముప్ఫై నక్షత్రాలు

ఇక నా ప్రశ్నకు వస్తున్నాను. మా అత్తయ్య ముగ్గు చిన్ననాడు నేర్చింది. అది పాత ధాన్యం. మరి జ్ఞాపకం పోయాక మనిషి కొత్త విద్య నేర్వగలడా?

బ్రెండా ఒక పాత పరీక్ష తీసింది. కాగితం మీద నక్షత్రం బొమ్మ. రెండు గీతలతో, ఒకదానిలో ఒకటి. ఆ రెండు గీతల మధ్య సందులోనే పెన్సిలు నడపాలి. చెయ్యి కనబడకుండా అడ్డు పెడతారు. ఎదట అద్దంలో మాత్రమే చూస్తూ గీయాలి. చెయ్యి పైకి పోవాలనుకుంటే కిందకి పోతుంది. ఇంట్లో అద్దం ముందు పెట్టుకుని చేసి చూడండి. నేను చేశాను. మలుపు దగ్గరకు వచ్చేసరికి చెయ్యి మొండికేసింది.

హెన్రీకి మూడు రోజుల్లో మొత్తం 30 సార్లు ఇచ్చింది. మొదట మనందరికిలాగే తప్పులు. తరువాత తరువాత తగ్గినవి. మూడోరోజుకి చెయ్యి తిరిగిపోయింది. ముందురోజు నేర్చింది మర్నాటికి చేతిలో అలాగే ఉంది. కాని ప్రతిరోజూ, అది తాను ఎన్నడూ చెయ్యని పని అనే అతని నమ్మకం. చివర తాను గీసిన నక్షత్రం చూసి, కష్టమనుకున్నాను గాని బాగానే వచ్చిందే అని ఆశ్చర్యపోయాడట.

"ఎవరో గాని మంచి చెయ్యే" అన్న మా అత్తయ్య ఇక్కడ నాకు గుర్తుకొచ్చింది.

1962లో ఈ ఫలితం వెలువడింది. జ్ఞాపకం ఒకటి కాదు. 'నాకు తెలుసు' అని నోటితో చెప్పగల జ్ఞాపకం ఒకటి. అది హిప్పోకాంపస్ లేనిదే కొత్తగా నిలవదు. చేతికీ కాలికీ తెలిసిన జ్ఞాపకం మరొకటి. సైకిలు తొక్కడం, ఈత కొట్టడం, ముగ్గు పెట్టడం. దాని తావులు వేరు. మెదడు లోతులలోను, వెనకనుండే చిన్నమెదడులోను ఉన్నవి. అద్దంలో గీసిన ఆ నక్షత్రాల నుంచే జ్ఞాపకశక్తిని గూర్చిన నేటి శాస్త్రం చాలా భాగం మొలకెత్తింది.

నూరేళ్ళ పంట

అంతటితో ఆగితే ఒక రోగి పుణ్యాన పేరొచ్చిందనవచ్చు. ఆవిడ ఆగలేదు. నుదుటి వెనకనుండే మెదడు భాగం దెబ్బతిన్నవారికి పేకముక్కలవంటి కార్డులిచ్చి జత చేయమనేది. రంగు ప్రకారమా, ఆకారం ప్రకారమా, సంఖ్య ప్రకారమా అన్నది చెప్పదు. ఒప్పు, తప్పు అని మాత్రమే అంటుంది. వరుసగా పది ఒప్పులు రాగానే, చెప్పకుండా నియమం మార్చేస్తుంది. మామూలు మనిషి కాసేపు తికమకపడి దారి మార్చుకుంటాడు. ఈ రోగులు తప్పు, తప్పు అంటున్నా పాత దారినే పోయేవారు. పట్టిన పట్టు విడవడానికి కూడా మెదడులో ఒక చోటు ఉందని 1963లో ఆమె చూపింది.

మాటలాడే శక్తి మెదడులో ఏ పక్కన ఉందో ఆపరేషన్‌కు ముందే తెలుసుకోవడానికి, జూన్ వాడా అనే వైద్యుడు ఒక పక్క మెదడును కొద్ది నిమిషాలు నిద్రపుచ్చే పద్ధతి కనిపెట్టాడు. దాన్ని ఉపయోగించి ఆమె, థియొడోర్ రాస్ముసెన్ కలిసి 1977లో లెక్క తేల్చారు. కుడిచేతివాటం వారిలో నూటికి 96 మందికి మాట ఎడమపక్కనే. ఎడమచేతివాటం వారిలో కూడా నూటికి 70 మందికి ఎడమపక్కనే. ఎంతమంది రోగుల మాటను ఈ పరీక్ష కాపాడిందో!

ఆమె శిష్యురాలు సుజాన్ కార్కిన్ 1962లో హెన్రీని మొదటిసారి చూసి, తరువాత ఎం.ఐ.టి. విద్యాసంస్థలో, అతను పోయేదాకా ఆ పరిశోధన సాగించింది. 1971లో జాన్ ఓకీఫ్ అనే ఆయన ఎలుక హిప్పోకాంపస్‌లో, ఫలానా చోటికి వస్తేనే పలికే కణాలను కనిపెట్టాడు. 2014లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అదే సంవత్సరం కావ్లీ బహుమతిని ఆయనకూ, మార్కస్ రెయికిల్‌కూ, బ్రెండా మిల్నర్‌కూ కలిపి ఇచ్చారు. అప్పటికి ఆమె వయస్సు 95 దాటింది. 2018లో నూరేళ్ళు నిండినవి.

హెన్రీ 2008 డిసెంబరు 2న, 82వ ఏట పోయాడు. పేరు అప్పుడే లోకానికి తెలిసింది. 2009లో అతని మెదడును కాలిఫోర్నియాలో 2401 పలుచని పొరలుగా కోసి భద్రపరచారు. అతను తన నిన్నటి రోజును ఎరుగడు. అతని మెదడు మాత్రం శాస్త్రజ్ఞులకు ఎప్పటికీ చెదరని గ్రంథమయింది. బ్రెండా అతని దగ్గరకి ఏళ్ళ తరబడి వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ ఆమె అతనికి కొత్త మనిషే. ప్రతిసారీ మర్యాదగా పలకరించేవాడు, అడిగిన పరీక్షలన్నీ ఓపికగా చేసేవాడు.

ఈ కథ చదివాక మళ్ళీ తెనాలి వెళ్ళాను. మా అత్తయ్య జబ్బు హెన్రీది కాదు. వయస్సుతో వచ్చినది. అయితే ఆ జబ్బు కూడా మొట్టమొదట కొరుక్కుతినేది హిప్పోకాంపస్ ప్రాంతాన్నే అని ఆవిడకు మందులిచ్చే డాక్టరుగారు చెప్పారు. ఇదివరకు నేను "ఇప్పుడే చెప్పాను కదత్తయ్యా!" అని విసుక్కునేవాణ్ణి. ఆవిడ మొహం చిన్నబోయేది. కాసేపటికి నా విసుగు మరచిపోయేది గాని, మొహం మాత్రం అలాగే ఉండిపోయేది. ఎందుకో తెలియకుండా బాధపడుతూ కూచునేది.

ఈసారి ప్రశ్నలు అడగడం మానేశాను. ముగ్గు డబ్బా తెచ్చి ఆవిడ ముందుపెట్టి, "అత్తయ్యా, నాకు నేర్పవూ?" అన్నాను.

"మగపిల్లాడివి, నీకెందుకోయ్!" అని నవ్వింది. నా వేళ్ళ మధ్య పిండి పెట్టి, తన చెయ్యి నా చేతి మీద వేసి, మొదటి చుక్క పెట్టించింది.